ఎడమ కుర్చీ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

శంషాబాద్ నుంచి విశాఖ వెళ్ళే విమానంలో తలుపులు మూశాక స్పీకర్లో ఒక గొంతు పలికింది. "నేను మీ కెప్టెన్ని" అంది. ఆ గొంతులో ఇంకా ఇంటర్మీడియెట్ వాసన పోలేదు. పక్క సీట్లో మా పెదనాన్న. హైస్కూల్లో నలభై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు పైనుంచి నా వంక చూశారు.

"ఒరే, ఈ పిల్లాడికి పగ్గాలు ఎవరిచ్చార్రా? ఎన్నేళ్ళు చేశాడట?"

"ఏళ్ళు కాదు పెదనాన్నా, వాళ్ళకి గంటల లెక్క" అన్నాను.

ఆయన "ఓహో" అని కళ్ళు మూసుకున్నారు. విమానం దిగువకు వాలుతున్నప్పుడు లేచి, "నేనూ ఇంతసేపు గాల్లోనే ఉన్నాగా, నాకూ ఓ గంట జమ పడుతుందా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా బోర్డింగ్ పాసు వెనక ఏదో గీకి నా చేతిలో పెట్టారు. "పత్రికలకి రాస్తావుగా. దీనికి టీక రాయి, చూద్దాం."

మూలము

గంట లెక్క చూచి గద్దె యిత్తురు గాన
ఎడమ వైపు కుర్చి యెవరి కైన,
గాలిలోన కునుకు గణన కెక్కుట యెట్లు?
తెలియ జెప్పు మయ్య తీరుగాను.

మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసినవాడు మెదకు సీమ కొల్చారం మల్లినాథసూరి. నాకంత నిష్ఠ లేదు. ఈ టీకలో మూలంలో లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థము

గంట = గుడిగంట కాదు, బడిగంట కాదు. విమానం ఎగరడం కోసమని తన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, ప్రయాణం ముగించుకుని మళ్ళీ ఆగే క్షణం దాకా నడిచిన కాలం. చక్రాల కింద చెక్కలు తీసినప్పుడు మొదలు, పెట్టినప్పుడు ముగింపు అనుకోవచ్చు. గాల్లో ఉన్నంతసేపే అనుకుంటారు చాలామంది. కాదు. ఢిల్లీలో పొద్దున్నే రన్‌వే కోసం ఒకదాని వెనక ఒకటి నేలమీద బారులు తీరిన అరగంట కూడా అనుభవం కిందే జమ. ఈ లెక్కన మన హైదరాబాద్ ఆటోడ్రైవర్లు అమీర్‌పేట సిగ్నల్ దగ్గరే సగం అనుభవం గడించినట్టు.

లెక్క = మన దేశంలో 200 గంటలు ఎగిరితే కమర్షియల్ లైసెన్సు చేతికొస్తుంది. దానితో ఉద్యోగం దొరికినవాడు, ఆ రకం విమానం మీద శిక్షణ పొంది, కుడి కుర్చీలో కోపైలట్‌గా కూర్చుంటాడు. కెప్టెన్ కావాలంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు ఉండాలి. దానికి 1500 గంటలు. అంతర్జాతీయ నియమమూ ఇదే. 1500 గంటలంటే రోజులకు మార్చి చూడండి: 62న్నర. శతదినోత్సవం చేసుకున్న సినిమా పాటి కూడా లేదు! అయితే ఏడాదికి 1000 గంటలు మించి ఎగరకూడదన్న కట్టడి ఉంది కాబట్టి, 200 నుంచి 1500కు చేరడానికి ఎంత పరుగెత్తినా ఏడాదికి పైన పడుతుంది. ఆపైన ఒక్కో సంస్థ తన గీత తాను గీసుకుంటుంది. సాధారణంగా ఆ గీత 1500కు బాగా పైనే ఉంటుంది.

ఒక సందేహం. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, తిరుపతి తిరిగే చిన్న విమానంలో గంటకో టేకాఫ్, గంటకో ల్యాండింగ్. దాని పైలట్‌కు 1500 గంటలు నిండేసరికి ఆ విమానం ఇంచుమించు అన్నిసార్లూ నేల తాకి ఉంటుంది. సముద్రాలు దాటి అమెరికా వెళ్ళే విమానం పదహారు గంటలు ఎగిరి ఒక్కసారి దిగుతుంది. 1500 గంటలకు 94 ప్రయాణాలు. ఆ దిగడాన్ని కూడా పైలట్లు వంతులేసుకుని పంచుకోవాలి. లాగ్‌బుక్కులో మాత్రం ఇద్దరి మొత్తమూ ఒక్కటే. పెళ్ళిళ్ళ సీజన్లో రోజుకో వెయ్యిమందికి వండిన వంటవాడికీ, ఒకే పప్పుని పదహారు గంటలు చిన్న మంట మీద కాచినవాడికీ ఒకే సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

చూచి = క్త్వార్థకము. ముందు చూడడం, తరవాత ఇవ్వడం అని క్రమం. ఎవరు చూచి? ఏది చూచి? లాగ్‌బుక్కు చూచి. అది పైలట్ తానే నింపుకునేది కనుక, ఎగరకుండా కాగితం మీద మాత్రమే పుట్టిన గంటలకు 'పార్కర్ పెన్ గంటలు' అని పైలట్ల లోకంలో ముద్దుపేరు. 2011లో మన దేశంలో దొంగ మార్కుల కాగితాలతో లైసెన్సులు సంపాదించిన పైలట్లు కొందరు పట్టుబడ్డారు. చూడడం అనే క్రియ సరిగా జరగకపోతే ఇవ్వడం అనే క్రియకు పట్టే గతి అది.

గద్దె యిత్తురు = ఇక్కడ కవి తొందరపడ్డాడు. గంటలు నిండగానే గద్దె ఇవ్వరు. గంటలు గుమ్మం దాకా తీసుకొస్తాయి. ముందు ఖాళీ ఉండాలి. సంస్థ పెరుగుతూ, కొత్త విమానాలు కొంటూ ఉంటే కుర్రాళ్ళు కొద్ది ఏళ్ళలోనే ఎడమ కుర్చీ ఎక్కుతారు. విమానాలు కొనని సంస్థలో, పైవాడికి 65 నిండి రిటైరయ్యేదాకా జుట్టు నెరపుకుంటూ కుడిపక్కనే ఉంటారు. అమెరికాలో పెద్ద సంస్థల్లో అంతా చేరిన తేదీ ప్రకారమే. వయసులో పెద్ద, గంటల్లో పెద్ద అయినా, నిన్నగాక మొన్న చేరినవాడు వరసలో చివర నిలబడాల్సిందే. మన ఇళ్ళలో చిన్నమ్మాయిని చేసుకున్న అల్లుడు ఎంత పెద్ద ఉద్యోగి అయినా చిన్నల్లుడే కదా!

ఖాళీ వచ్చాక పాఠాలు, సిమ్యులేటరు. అక్కడ పరీక్షించేవాడు ఇంజనుకు నిప్పు పెడతాడు, పరుగు మధ్యలో చక్రం పేలుస్తాడు. అదే సమయంలో వెనకనుంచి ఎయిర్‌హోస్టెస్ ఫోను: ఒకాయనకు గుండెనొప్పి. విమానం నడపడం కోపైలట్‌కూ వచ్చు. చూసేది, ముందు ఏది ముట్టుకోవాలో, దేన్ని ఎవరికి అప్పగించాలో, ఏది కాసేపు వదిలెయ్యాలో ఇతనికి తెలుసా అని. అది దాటాక నిజం ప్రయాణికులతో, పక్కన ట్రైనింగ్ కెప్టెన్‌ని పెట్టుకుని కొన్ని ప్రయాణాలు. చివర ఒక చెక్. అప్పుడు భుజం మీద మూడు చారలు నాలుగవుతాయి. అంతటితోనూ వదలరు. అమెరికాలో కొత్త కెప్టెన్ ఆ రకం విమానం మీద కెప్టెన్‌గా 100 గంటలు పూర్తి చేసేదాకా, దిగేటప్పుడు రన్‌వే మిగతావాళ్ళకన్నా 100 అడుగులు పైనుంచే కనపడాలి, అర మైలు ఎక్కువ దూరం కనపడాలి. లేకపోతే దిగకూడదు. కొత్త కోడలికి మొదటి నెలలో ఆవకాయ జాడీ అప్పగించని అత్తగారి వివేకమిది.

ఎడమ వైపు = ఎడమ ఎందుకు? తొలినాటి యుద్ధవిమానాల్లో ఇంజను మొత్తంగా తిరిగేది. దాని ఊపుకు విమానం ఎడమకు తేలిగ్గా ఒరిగేది. అందుకని విమానాశ్రయం చుట్టూ ఎడమ మలుపులతో తిరగడం అలవాటైంది, నడిపేవాడు ఎడమన కూర్చుంటే నేల బాగా కనిపించేదని చెబుతారు. అంటే ఈనాటికీ విమానం దిగే ముందు విమానాశ్రయానికి మామూలుగా చేసేది అప్రదక్షిణం. ఎడమచేత్తో ఏదీ ఇవ్వకు, పుచ్చుకోకు అని పెంచిన మన పిల్లవాడు ఎయిర్‌బస్ కెప్టెన్ అయితే, నూట ఎనభై మంది ప్రాణాలున్న విమానాన్ని నడిపే ఆ చిన్న కర్ర అతని ఎడమచేతిలోనే ఉంటుంది. కుడిచెయ్యి ఇంజను లీవర్ల మీద. మొన్నటిదాకా కుడి కుర్చీలో అంతా తిరగేసి. చేతులు మారినందుకే కొన్ని రోజులు కల్లోలం.

చాలా బోయింగ్ 737లలో ఇంకో విచిత్రం. నేలమీద ముక్కుచక్రాన్ని తిప్పే చిన్న చక్రం కెప్టెన్ వైపు మాత్రమే ఉంటుంది. అయిదేళ్ళపాటు వానలో, ఎదురుగాలిలో విమానాన్ని దింపినవాడు, దాన్ని పసుపు గీత మీద నడిపించి గేటు దగ్గర ఆపడం కెప్టెన్ శిక్షణలో కొత్తగా నేర్చుకుంటాడు.

కుర్చి = కుర్చీ. గణం కోసం దీర్ఘాన్ని కోసుకోవడం కవికి చెల్లును. రన్‌వే చివర పైలట్‌కు చెల్లదు.

గాలిలోన కునుకు = పెదనాన్నది సరదా. ఆయనకు జమ పడదు. పద్దెనిమిది గంటల ప్రయాణాల్లో అదనపు పైలట్లు వంతుల ప్రకారం వెనక మంచాల మీద పడుకుంటారు. ఆ నిద్రలో ఎంత భాగం లాగ్‌బుక్కుకు ఎక్కుతుందన్నది దేశానికో తీరు. ఇక్కడ మాత్రం టీకాకారుడు కాసేపు నవ్వు పక్కన పెట్టాలి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, 8 మంది మిగిలారు. కెప్టెన్‌కు పదివేల గంటలు పైనే అనుభవం. కాక్‌పిట్ రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలూ ఆయన నిద్రలోనే ఉన్నారని విచారణలో తేలింది. లేచాక ఎక్కువ ఎత్తులో వస్తున్నామని, దిగవద్దని, మళ్ళీ పైకి లేపమని కోపైలట్ మూడుసార్లు హెచ్చరించారు.

పూర్వపక్షము

అయితే గంటలు పెంచేస్తే పోతుంది కదా, అని ఒకరి వాదం. అమెరికా అదే చేసింది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటిమీద కూలి 50 మంది చనిపోయారు. వేగం తగ్గి విమానం పట్టు తప్పుతోందని కంట్రోలు వణికి హెచ్చరిస్తే, ముందుకు తొయ్యాల్సిన కెప్టెన్ వెనక్కి లాగాడు. చనిపోయినవారి కుటుంబాల పోరాటంతో 2010లో చట్టం, 2013లో నియమం వచ్చాయి. అంతకు ముందు 250 గంటలతో కుడి కుర్చీ ఎక్కగలిగినవాడికి ఇప్పుడు మామూలుగా 1500 కావాలి. కెప్టెన్‌కైతే విమానసంస్థలో చేసిన అనుభవమే 1000 గంటలు ఉండాలి.

ఇంతకీ కోల్గన్ కెప్టెన్‌కు అప్పటికి ఎన్ని గంటలు? 3,379. కోపైలట్‌కు 2,244. కొత్త నియమం ఆనాడే ఉన్నా, గంటల లెక్కలో ఆ ఇద్దరూ నిలిచేవారే.

తాత్పర్యము

గంట కూర్చున్న కాలాన్ని కొలుస్తుంది. ఆ కాలంలో మనిషికి ఏం వినడం అలవాటైందో కొలవదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో మంచు కమ్మిన రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. వాటిలో ఒకటైన కెఎల్ఎమ్ సంస్థ విమానానికి కెప్టెన్ సుమారు 11,700 గంటలవాడు, ఆ సంస్థలో జంబో పైలట్లకు శిక్షణాధిపతి. పక్కనున్న కోపైలట్‌కు ఆ విమానం మీద అర్హత పరీక్ష పెట్టింది ఆయనే. ఎదుటి విమానం రన్‌వే మీద నుంచి తప్పుకుందా అని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. తప్పుకుందని గురువుగారు ఖాయంగా చెప్పారు. రెండోసారి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన విమానానికి కెప్టెన్ సలెన్‌బర్గర్. 19,663 గంటలు. పక్కన స్కైల్స్‌కు మొత్తం గంటలు వేలల్లో ఉన్నా, ఆ రకం విమానం మీద 37 మాత్రమే. హడ్సన్ నది మీదికి దిగిపోతూ, ఇంక క్షణాలే ఉన్నాయనగా, ఆ పెద్దాయన ఆ 37 గంటలవాణ్ణి, నీకేమన్నా తోస్తోందా, అని అడిగాడు. ఏమీ తోచడం లేదన్నది జవాబు. 155 మందీ బతికారు. ఆ ప్రశ్న వల్ల బతికారని నేననను. అడగగలిగినవాడు కాబట్టే అతని చేతిలో ఆ కుర్చీ నిలిచిందని మాత్రం అంటాను. నాలుగో చార దానికి. 1500, 3000, 5000 అన్నవి అలాంటివాణ్ణి వెతకడానికి సర్కారుకూ, సంస్థలకూ దొరికిన జల్లెడలు. రంధ్రాల సైజు మార్చినా జల్లెడ జల్లెడే. తీసెయ్యమనను. జల్లించి ఊరుకుంటే చాలదంటాను.

పాఠాంతరము

టీక పూర్తిచేసి పెదనాన్నకు చదివి వినిపించాను. అంతా విని, "'ఎవరికైన' అన్న మాటకి అర్థం రాయలేదేంరా?" అన్నారు. నిజమే, తప్పించుకున్నాను. చెప్పక తప్పలేదు. నిజాం సర్కారు, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ మన బేగంపేట నుంచే ఎగిరేది. 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించి, అనేక సంస్థలు కాదన్నాక, ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ అందులో కోపైలట్‌గా చేరారు. కెప్టెన్ కావడానికి గంటలు నిండాయి. గద్దె ఇవ్వలేదు. ఆవిడ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు.

పెదనాన్న ఏమీ అనలేదు. బోర్డింగ్ పాసు అడిగి పుచ్చుకుని, జేబులోంచి పెన్ను తీసి, 'యెవరి కైన' కొట్టేసి పైన 'యెవరి కొక్కొ' అని దిద్దారు. గణాలు సరిపోయాయి.