మొహమాటపు భాష

చెన్నై ఎస్టీడీ కోడ్ 044. ఉత్తర చెన్నై వ్యాసర్పాడిలో చిన్నపిల్లలకైనా తెలిసిన సంగతి. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకి మాత్రం తెలియదు. కొటేషన్ గుర్తుల మధ్య "044" అని పెట్టి, అది 44కి సమానమా అని అడగండి: సమానమే అంటుంది. గుర్తులు తీసేసి ఉత్త 044 రాస్తే, ముందు సున్నా ఉంది కనుక ఎనిమిదుల లెక్క అనుకుని 36గా చదువుకుంటుంది. ఇప్పుడు "044"నీ, 044నీ ఎదురెదురుగా నిలబెట్టండి. ఒకటి కాదట! స్ట్రిక్ట్ మోడ్ పెడితే ఆ ఉత్త 044ని అసలు రాయనివ్వదు. అది పెట్టాలని ముందే తెలిసినవాడికి ఈ గొడవే ఉండదు.

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాషకి పది రోజుల్లో రూపం ఇచ్చాడు. పది రోజుల్లో మన ఇళ్ళలో శుభలేఖలు పంచడం కూడా పూర్తి కాదు. దీని జబ్బు తెలివితక్కువతనం కాదు, మొహమాటం. అంకెనూ అక్షరాన్నీ పోల్చమంటే "అవి వేరే జాతులండీ" అనలేక ఏదో ఒకదాన్ని మార్చేసి జవాబు చెప్పేస్తుంది. ఖాళీ మాట సున్నాకి సమానం, "0" కూడా సున్నాకి సమానం, ఆ రెండూ మాత్రం ఒకదానికొకటి కావు. ఏమీ లేదని చెప్పే నల్ సున్నా కంటే పెద్దదా? కాదు. సమానమా? కాదు. పోనీ, పెద్దదో సమానమో అయ్యుంటుందా? ఓ, భేషుగ్గా!

పీహెచ్‌పీ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. అంకెలతో మొదలవని ఏ మాటైనా ఒకప్పుడు దానికి సున్నాయే. "వ్యాసర్పాడి" సున్నాకి సమానమా అంటే అవునంది. చిరునామా చూసి దరఖాస్తు పక్కన పడేసేవాళ్ళు ఆ లెక్క ఎప్పుడో కట్టారు లెండి. న్యాయంగా చెప్పాలంటే "మైలాపూర్" కూడా దానికి సున్నాయే. ఉత్తర చెన్నైకి దక్షిణ చెన్నైతో అంతటి సమానత్వం మరెక్కడా దొరకలేదు. 2020లో ఎనిమిదో వెర్షన్ వచ్చి అదీ లాగేసుకుంది.

పైథాన్ 2లో ఎంత పెద్ద అంకె అయినా ఏ మాట కంటేనైనా చిన్నదే. కోటి కంటే "1" గొప్ప! 2008లో మూడో వెర్షన్ ఆ వరస మానేసింది. ఏది పెద్దదంటే టైప్ ఎర్రర్ అని మొహం మీదే చెబుతుంది. జావాస్క్రిప్ట్ అలా చెయ్యలేదు. పాత పేజీలు కూలిపోతాయని రెండు సమాన గుర్తుల్ని అలాగే ఉంచి, 1999 ప్రమాణంలో మూడు గుర్తులది తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. అబద్ధం ఇంట్లోనే ఉంది, నిజానికి ఒక గుర్తు ఎక్కువ ఖర్చు.

వ్యాసర్పాడి మైదానంలో 10 నంబర్ చొక్కా వేసుకున్న కుర్రాడు 9 నంబర్ కుర్రాడి కంటే ఒకటి ఎక్కువని ఏ ఫుట్‌బాల్ పిచ్చోడూ అనడు. అదే పేటలో కోడింగ్ నేర్చుకుని ఇంటర్వ్యూకి వెళ్ళిన పిల్లని మాత్రం అడుగుతారు: "ఖాళీ జాబితా, దాని వ్యతిరేకం సమానమా, కాదా?" ఇంగితం ఉన్న పిల్ల కాదంటుంది. జావాస్క్రిప్ట్ అవునంటుంది. ఉద్యోగం పోయేది పిల్లకి.