ఒక కెమెరా పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఇంటివారి బొమ్మ యింపుగా దీయంగ
కొనెడు కెమెర కెట్టి గుణము వలయు
పెద్ద యంకె కాదు పేదవెలుగునందు
పిల్ల నవ్వు దొరుకు పెట్టె మేలు

టీక: ఇంటివారి బొమ్మ = అమ్మమ్మ మొదలు అంగన్‌వాడీ పిల్ల దాకా ఒక్కచోట నిలవని గుంపు ఫొటో; పెద్ద యంకె = డబ్బా మీద అచ్చేసిన మెగాపిక్సెళ్లు; పేదవెలుగు = ఒంటి కిటికీ హాల్లో పొద్దుగూకే వేళ మిగిలేది; పిల్ల నవ్వు = అడిగితే రానిది; పెట్టె = కెమెరా. గుణమంటే ఇక్కడ ధర కాదని పూర్వ వ్యాఖ్యాతల మతం. పూర్వ వ్యాఖ్యాతలెవరూ లేరు కనుక మా మతం.

తాత్పర్యం: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్లోనైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా కెమెరా కొనబోయినవాళ్లు మొదట అడిగేది "ఎన్ని మెగాపిక్సెల్సున్నయి?" అనే. కవి దాన్ని "కాదు" అని కొట్టేశాడు గాని లెక్క చూపలేదు. ఆ చాకిరీ వ్యాఖ్యాతది. గోడకు తగిలించే 12×18 అంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేయించినా 3,600×5,400, అంటే రెండు కోట్ల చుక్కలు కూడా నిండవు. 24 మెగాపిక్సెళ్లంటే రెండు కోట్ల నలభై లక్షలు. ఆపైన ఎన్ని ఉన్నా కార్డు నింపడానికే. మేనమామకు వాట్సాప్‌లో పంపే ఫొటోకైతే ఈ లెక్కా దండగే.

పాలమూరు ఎండ ఎరిగినవాళ్లకు వెలుగు కరువేమిటని ఆక్షేపణ. ఆ ఎండకు జడిసే కదా ఇంట్లో చేరేది! మిట్టమధ్యాహ్నం బయట నిలబెడితే ప్రతి ముఖానా కళ్లకింద నల్లటి నీడలు. ముఖానికి నప్పేది ఎక్కడో పడి చెదిరి వచ్చే వెలుగు. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం గర్భగుడిలో స్తంభాకారపు నీడ పొద్దంతా కదలదు. సూర్యుడు తిరిగినా అది నిలిచేది లోపలికి చేరేది నేరు ఎండ కాక, చెదిరిన వెలుగు కావడం వల్లనే. అట్లాంటి వెలుగు మెత్తన, కాని తక్కువ. దాన్ని పట్టాలంటే పెద్ద సెన్సర్, పెద్ద అపర్చర్ లెన్సు కావాలి; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ అపర్చర్ పెద్దది. లెన్సు మార్చుకునే కెమెరాల్లో తరచూ ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ వైశాల్యం సుమారు 366 చదరపు మిల్లీమీటర్లు. చాలా ఫోన్లది వందకు లోపే. కెమెరాతో పాటు అంటగట్టే జూమ్ లెన్సు పూర్తిగా జూమ్ చేసిన కొసన ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతే, విడిగా కొనే 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అంతకు దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి పంపుతుంది. బాడీ మీద తగ్గించి లెన్సు మీద పెట్టమన్నదే సిద్ధాంతం.

ఫోను చాలదా అంటే, కుర్చీలో కదలకుండా కూర్చున్న తాతకు చాలు. చీకట్లో అది వరుసగా పలు ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది; ఆ లోగా పిల్ల వంటింట్లో ఉంటుంది. ఫ్లాష్ వెలుగేమో దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది: ముందున్న పెదనాన్న సున్నం కొట్టినట్టు, వెనకున్న కోడళ్లు చీకట్లో. వీటికన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఎఫ్/1.8 దగ్గర ముందు వరుస తేటగా ఉంటే వెనక వరుస మసకబారుతుంది. ఒప్పుకోవలసిందే. రెండు వరుసలవాళ్లను వరండాలోకి తెచ్చి ఎఫ్/5.6 పెట్టుకోవాలి. పేదవెలుగులో మాత్రం కవి ఒక్క పిల్ల నవ్వే అడిగాడు, కుటుంబమంతటిదీ కాదు.

"దొరుకు" అన్నాడు గాని ఎవరి చేతికో చెప్పలేదు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరిచ్చిన ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్లకోసమే జెనానా స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీసే పని ఒక స్త్రీకే అప్పగించాడు. అక్కడ అడ్డం పరదా, మన ఇంట్లో మొహమాటం. ఇంటి పిల్ల నవ్వేది అమ్మ చేతిలోనో అక్క చేతిలోనో ఉన్న కెమెరాకు. కనుక అది వాళ్ల చేతికి బరువు కాకూడదు, కంటిని తానే వెతికి ఫోకస్ పట్టాలి. కొన్నాయన బీరువాలో పెట్టి తాళం వేసుకునే కెమెరా ఈ పద్యానికి లక్ష్యం కాదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "పిల్లి నవ్వు" అని ఉంది. ఛందస్సుకు ఇబ్బంది లేదు. పిల్లి నవ్వదు గాని పిల్లకన్నా వేగంగా పరుగెత్తుతుంది. ఏ పాఠం తీసుకున్నా కొనవలసిన లెన్సు మారదు.