ఫోరెన్సిక్ వదినగారు

కోనసీమలో చావు కబురు కంటే చావుకి కారణం ముందు బయల్దేరుతుంది. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తెల్లారేసరికి ఎవరైనా పోతే, ఆ కబురు తాటిపాక సెంటరుకి గుండెపోటుగా చేరుతుంది, రాజోలుకి ఆస్తి తగాదాగా చేరుతుంది, అమలాపురం బస్టాండులో దిగేసరికి అల్లుడి నిర్వాకం అయిపోతుంది. చెప్పేవాడికీ వినేవాడికీ రవ్వంత అనుమానం ఉండదు. ఇలాంటి చోట, పరామర్శకి వచ్చి చాప మీద కూర్చుని, కొంగు సర్దుకుని, 'ఆయ్, ఆఖరుసారి మాట్లాడుతుండగా చూసింది ఎవరండీ? ఎన్నింటికండీ?' అని మెల్లగా అడిగే మనిషి ఒకరుంటారు. అడిగాక ఇంటివాళ్ళ ఏడుపు ఒక్క క్షణం ఆగుతుంది. ఆవిడే ఫోరెన్సిక్ వదినగారు. వీధికొకరు ఉంటారు కనుక ఇది ఏ ఒక్కరి కథా కాదు.

ఈ జాతి ఆకాశం నుంచి ఊడిపడలేదు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని లెక్కల పుస్తకం మధ్య దాచుకుని చదివింది. పెళ్ళినాటికి యండమూరి చేతబడి నవల 'తులసిదళం' వచ్చింది. ఆయన పుట్టింది పక్కనున్న రాజోలులోనే కాబట్టి చేతబడి మరీ దగ్గరగా అనిపించి, కొన్నాళ్ళు రాత్రిపూట పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. తర్వాత పిల్లలు ఇంజనీరింగ్ చదివి విమానాలెక్కారు. సెలవులకి వచ్చి, విమానంలో చదివిన ఇంగ్లీషు పుస్తకాలు తిరుగు ప్రయాణంలో బరువని ఇంట్లో వదిలేశారు. అలా పాట్రీషియా కార్న్‌వెల్ సృష్టించిన కే స్కార్పెట్టా, కాథీ రైక్స్ సృష్టించిన టెంపరెన్స్ బ్రెన్నన్ నగరంలో కాపురం పెట్టారు. ఒకావిడ శవపరీక్ష చేసే డాక్టరు, రెండో ఆవిడ ఎముకలు చూసి మనిషి వయసూ ఎత్తూ చెప్పే శాస్త్రజ్ఞురాలు. వదినగారు అర్థంకాని మాటలు వదిలేసి, అర్థమైన శవాలతో ముందుకు సాగింది.

'ఆడమనిషి అయ్యుండి ఆ శవాల పుస్తకాలేమిటి?' అన్నది ఊరి మొదటి అభ్యంతరం. ఇదేదో రక్తదాహం అని వాళ్ళ భయం. పుస్తకం తెరిచి చూస్తే భయం పోతుంది. ఈ నవలల్లో హత్య జరిగేది ఒక్కసారి. తర్వాత వందల పేజీలూ ఎవరో ఒకావిడ చేతికి గ్లవుజులు తొడుక్కుని, గోరు కింద మట్టి తీసి, చీటీ అంటించి, సంతకం పెట్టి, రిపోర్టు కోసం కాచుకునే కథే. వదినగారికి నచ్చింది ఆ కాచుకోవడం. ఆవిడ పుట్టి పెరిగిన చోట తీర్పు ముందూ, విచారణ తర్వాతానూ. పైగా యుగంధర్ కాలం నవలల్లో ఆడవాళ్ళకి ఎక్కువగా దొరికేవి రెండే వేషాలు, చచ్చిపోవడం, లేదా అనుమానం రేపడం. బల్లకి ఇవతల నిలబడి, 'ఇది ప్రమాదం కాదు' అని మగ పోలీసులకి చెప్పే ఆడమనిషి 1990లో వచ్చిన కార్న్‌వెల్ 'పోస్ట్‌మార్టమ్' నవలతో ఆవిడకి దొరికింది. ఇదంతా ఊహే కదా అంటారేమో. కార్న్‌వెల్ వర్జీనియాలో శవపరీక్షల కార్యాలయంలో పనిచేసి వచ్చి రాసింది. రైక్స్ స్వయంగా ఎముకల నిపుణురాలు. మన దేశంలోనే రుక్మిణీ కృష్ణమూర్తి మహారాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలల డైరెక్టరుగా పనిచేశారు. 'ఇదంతా దొరల పిచ్చి' అన్న బావగారికి వదినగారు, ప్రపంచంలోని మొదటి వేలిముద్రల కార్యాలయాల్లో ఒకటి 1897లో కలకత్తాలోనే పెట్టారనీ, దాని వెనక లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనీ చెప్పి కాఫీ గ్లాసు పట్టుకెళ్ళిపోయింది. గ్లాసు మీద ఆయన వేలిముద్రలున్నాయి, జాగ్రత్త.

శాస్త్రం ఇంట్లోకి వస్తే ఇంటివాళ్ళకి కష్టమే. కొబ్బరి దింపు రోజున కాయలు తగ్గాయనుకోండి, మిగతావాళ్ళు పాలేరు మీద పడతారు. వదినగారు చెట్టు కిందికెళ్ళి ముచ్చిక చూస్తుంది. ఎండి తనంతట రాలిన కాయకీ, పచ్చిగా కోసిన కాయకీ అక్కడ తేడా తెలుస్తుంది. పాలేరు నిర్దోషి అని తేలుతుంది. దొంగ మరిదిగారని కూడా తేలుతుంది, అది ఎవరికీ అక్కర్లేదు. గోదావరికి ఎర్రనీరు తగిలి, పుస్తెలమ్మైనా తినాలన్న పులస చేప కోసం ఊరు ఊగిపోయేవేళ, ఆవిడ మొప్ప ఎత్తి, కన్ను చూసి, ఇది ఒడిశా నుంచి ఐసులో పడుకుని వచ్చిన ఇలస అని తేలుస్తుంది. వేలు పోసి కొన్న మావగారు ఆ పూట అన్నం ముట్టరు. నిజం వల్ల ఎవరి ఆకలి తీరింది గనక!

రెండో అభ్యంతరం కొంచెం బరువైనది. ఈ నవలలు చదివి శాస్త్రం వచ్చిందనుకోవడం ప్రమాదం అంటారు. ఇందులో నిజముంది. నవలలో శాస్త్రజ్ఞురాలే శవాన్ని చూస్తుంది, ఆవిడే హంతకుణ్ణి వెంబడిస్తుంది, చివర్లో వాడు ఆవిడ ఇంటికే వస్తాడు. అసలు ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళు నేరస్థలం చూడకుండానే, సీలు వేసిన పొట్లాలు వరుసగా పరీక్షించి రిపోర్టు రాసి పంపడమే ఎక్కువ. పైగా బ్రెన్నన్ పనిచేసే మాంట్రియల్ చలిలో నేర్చిన లెక్క కోనసీమ మే నెలలో చెల్లదు. శవం బిగుసుకోవడం మామూలుగా రెండు మూడు గంటల్లో మొహం దగ్గర మొదలవుతుంది. వేడి ఎక్కువైతే త్వరగా వచ్చి త్వరగా పోతుంది. కువైట్ నుంచి కొడుకు దిగేదాకా ఐసు పెట్టెలో ఉంచితే ఆ లెక్క కూడా తప్పుతుంది. వదినగారు ఈ మాట ఒప్పుకుంటుంది, ఒప్పుకుని, 'అందుకేనండీ, ఒంటి వేడి పెట్టెలో పెట్టకముందే చూడాలి' అంటుంది. 2024 జులై 1న కొత్త నేర విచారణ చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చి, ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్ళాలని చెప్పి, రాష్ట్రాలకి అయిదేళ్ళ గడువిచ్చినప్పుడు ఆవిడ పార్లమెంటు తన మాట విన్నట్టే పొంగిపోయింది.

ఆవిడ అసలు లోపం వేరు. కోడలి విషయంలో మాత్రం ఆధారాలు అక్కర్లేదు. పాలు పొంగాయా, కోడలే. ఫోన్ చార్జర్ కనపడలేదా, కోడలే. ఆ ఒక్క కేసులో ఆవిడ కూడా మిగతా ఊరిలాగే మారిపోతుంది. దీన్ని బట్టి ఆవిడ శాస్త్రమంతా బూటకం అంటే నేనొప్పుకోను. అయినవాళ్ళ దగ్గర న్యాయంగా ఉండటం ఏ నవలా నేర్పదు.

ఇక మూడో మాట: ఇవన్నీ పట్నం షోకులు, పల్లెటూరికెందుకు? ఈ మాట ఎక్కడైనా అనొచ్చు గానీ నగరంలో అనకూడదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున, తాటిపాక నుంచి కొండపల్లి వైపు గ్యాస్ మోసే గెయిల్ పైపులైను ఈ ఊళ్ళోనే పేలింది. ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు నిలబడ్డచోటే మాడిపోయాయి. వెంటనే ఊరూ పేపర్లూ కారణం తేల్చేశాయి: ఎవరో టీకొట్టులో పొయ్యి వెలిగించారట. నిప్పు ఎక్కణ్ణించి అంటుకుందన్నది ఒక ప్రశ్న, గ్యాస్ బయటికెందుకు వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు నోళ్ళలో దొరికింది. రెండోదానికి గొట్టాన్నే అడగాల్సి వచ్చింది. పొడి గ్యాస్ పోవాల్సిన గొట్టంలో తడి గ్యాస్ పోయి, లోపల నీరు చేరి, తుప్పు తినేసిందని విచారణలో బయటపడింది. పొయ్యి దగ్గరే ఆగిపోయి ఉంటే, నేరం ఒక అగ్గిపుల్ల మీద రాసేసి ఊరుకునేవాళ్ళం. వాసన వస్తోందని ఊరివాళ్ళు ముందే చెప్పారని కూడా అప్పుడే బయటికొచ్చింది. ఆ వాసనా ఆధారమే, ఎవరూ చీటీ అంటించలేదంతే.

కాబట్టి వదినగార్ని పరామర్శలకి పిలవకపోతే పోనివ్వండి, పులస కొనేటప్పుడు వెంట తీసుకెళ్ళకండి, కోడలి గురించి చెబితే అసలు నమ్మకండి. గట్టు వెంబడి ఏదో వాసన వస్తోందండీ అని ఆవిడ అన్నరోజున మాత్రం, నవ్వకుండా వెంటనే ఫోన్ చెయ్యండి.