నైరుతి మూల రేకుల షెడ్డు

2008 మార్చి 23న విమానాలు బేగంపేట వదిలి శంషాబాదుకు వచ్చాయి. వాటి వెనకే మా చుట్టాలూ వచ్చారు. అంతకుముందు రోజు దాకా మా ఇల్లు వాళ్ళకు "ఎక్కడో ఊరవతల". ఆ రోజు నుంచి "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు".

అమెరికా వెళ్ళేవాళ్ళకు పెట్టెకు 23 కిలోలని లెక్క. మనవాళ్ళ అభిమానానికి లెక్క ఉండదు. అర్ధరాత్రి మా హాల్లో పెట్టెలు బార్లా తెరుచుకుంటాయి. కొక్కెం త్రాసుకు తగిలించి ఇద్దరు ఎత్తితే, మూడోవాడు సెల్‌ఫోన్ వెలుగులో అంకె చదువుతాడు. 26! ఇక పంచాయితీ మొదలు. గోంగూర పచ్చడి దిగాలా, అల్లుడి జీన్స్ దిగాలా? చివరికి దిగేది ఏ కుక్కరో, బొంతో. "ఇక్కడ ఉండనియ్యి బాబాయ్, మళ్ళొచ్చినప్పుడు తీస్కపోతం" అంటారు. మళ్ళొచ్చినప్పుడు ఇంకో మూడు కిలోలు దించిపోతారు.

సజ్జలు నిండాయి. మంచాల కిందా నిండింది. చీపురు తియ్యాలంటే ముందు న్యూజెర్సీని జరిపి, తర్వాత చికాగోను ఎత్తాలి.

"పెరట్ల ఒక రేకుల షెడ్డు ఏయిస్తరా, నన్ను కూడా పెట్టెల పెట్టి పంపిస్తరా? 23 దాటితే పైసలు మీరే కట్టాలె" అంది మా ఆవిడ. ఆ లెక్కన షెడ్డే చవక.

పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు అని గీతల కాగితం మీద నేనే ప్లాను గీశాను. వాస్తు పంతులు దాన్ని తిప్పి చూసి, బరువంతా నైరుతిలోనే ఉండాలన్నాడు. నైరుతిలో మా వేపచెట్టుంది. వాయవ్యంలో పెడదామంటే సెప్టిక్ ట్యాంకు. నేను నసుగుతుంటే ఆయన ఆకాశం వైపు వేలు చూపించాడు. "అంత పెద్ద రన్‌వే చూడున్రి, తూర్పు పడమరలకు ఎట్ల పెట్టిన్రో! వాస్తు కాదా?" రన్‌వే పేరులోని 09, 27 అంకెలు దిక్సూచిలో 90, 270 డిగ్రీలనీ, విమానం గాలికి ఎదురెక్కాలి కాబట్టి గాలివాటం చూసి రన్‌వే వేస్తారనీ చెప్పాను. "గాలి మాత్రం ఎవరి మాట ఇంటది? వాయుదేవుడిది వాయవ్యం కాదా?" అన్నాడు. నోరు మూసుకున్నాను.

పక్కింటాయన గోడ మీద నుంచి ఇంకో మెలిక పెట్టాడు. ఎయిర్‌పోర్టు చుట్టూ 20 కిలోమీటర్ల దాకా కట్టడాల ఎత్తుకు హద్దులున్నాయట. నిజమే, ఉన్నాయి. నా షెడ్డు ఎత్తు ఎనిమిదడుగులు. "మీ డాబా మీది ట్యాంకుకు తీసుకున్న పర్మిషన్ ఒకసారి ఇయ్యున్రి, చూసి రాసుకుంట" అన్నాను. ఆయన తల గోడ కిందికి ల్యాండయింది.

చెట్టు కొట్టడానికి మా ఆవిడ ఒప్పుకోదు. నైరుతి వదలడానికి పంతులు ఒప్పుకోడు. మేస్త్రి బీడీ ఆర్పి తీర్పు చెప్పాడు: "చెట్టును ఉండనిద్దాం సారూ. రేకుకే బొక్క కొడదాం."

అలా మా షెడ్డు మధ్యలోంచి వేపచెట్టు లేచింది. నాలుగు ఇనుప పైపులు పాతి, పైన యాంగిళ్ళు వెల్డింగు చేసి, రేకులు పరిచారు. మరలు రేకు గుబ్బ మీద బిగించాలి. పల్లంలో బిగిస్తే నీళ్ళన్నీ పారేది అక్కడే కదా! మేస్త్రి చాయ్‌కి వెళ్ళిన పావుగంటలో కుర్రాడు ఒక వరసంతా పల్లంలోనే బిగించేశాడు. తొలి వానకు చెట్టు బొక్కలోంచి ధార, మర బెజ్జాల్లోంచి చుక్కలు. అడుగున షాబాదు బండలు పరిపించి, సామానంతా ఇటుకల మీదికెక్కించాం. పైనుంచి వేపపళ్ళు టపటపా రాలుతుంటే, విమానం పోయినప్పుడల్లా రేకులు తాళం వేస్తాయి.

నెల తిరక్కుండా షెడ్డు నిండిపోయింది. నా పాత సైకిలుకు మాత్రం అందులో చోటు దొరకలేదు.

మొన్న టెక్సస్ నుంచి మా పెద్దోడు వీడియో కాల్ చేశాడు. "నాన్నా, బ్యాక్‌యార్డ్‌లో షెడ్డు వేసిన" అని సంబరంగా తలుపు తీసి చూపించాడు. అరల నిండా మేం ఏళ్ళుగా ఒక్కో కిలో లెక్కపెట్టి పంపినవే: ఇత్తడి బిందె, ఇడ్లీ పాత్ర, చుట్టిన తెలుగు పేపరు కూడా విప్పని రోలు. ఆ రోలు కోసం నా రెండు స్వెట్టర్లు దించాం.

కళ్ళజోడు పెట్టుకుని మా ఆవిడ ఫోనులోకి పరీక్షగా చూసింది. ఏడుస్తుందేమోనని నేను టవలందుకున్నాను.

"అది నైరుతేనా బిడ్డా?" అంది.