శాలువా, మెమెంటో, ఫ్యామిలీ డాక్టరు

ఊళ్లో బోర్డు పెట్టుకుని కూర్చున్న ఎంబీబీఎస్ డాక్టరు గారికి ఒక పక్క అడక్కుండానే సెలైన్ ఎక్కించే ఆర్‌ఎంపీతో పోటీ, ఇంకో పక్క చీటీ లేకుండా మందులిచ్చే మెడికల్ షాపు కుర్రాడితో. తలనొప్పికి కూడా ప్యాకేజీ ఉన్న కార్పొరేట్ ఆసుపత్రి సంగతి సరేసరి. ఇలాంటివాడికి డాక్టర్ల సంఘం ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) అండగా నిలబడాలి కదా. నిలబడుతోంది, ఏటా జూలై 1న, డాక్టర్స్ డే నాడు, స్టేజీ మీద, శాలువా పట్టుకుని.

మిగతా అండంతా ఆదివారాలు స్టార్ హోటళ్లలో దొరుకుతుంది. దాన్ని సీఎంఈ అంటారు, అంటే డాక్టర్ల నిరంతర వైద్య విద్య. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి క్రెడిట్ పాయింట్లు కావాలి గనక మన డాక్టరు గారు వెళ్లక తప్పదు. ఛాతీలో నొప్పా, వెంటనే మాకు పంపండి అంటాడు కార్డియాలజిస్టు. క్రియాటినిన్ పెరిగిందా, మాకు పంపండి అంటాడు నెఫ్రాలజిస్టు. ఆ తర్వాత బిర్యానీ. ఫ్రిజ్ లేక ఇన్సులిన్ సీసాని కుండలో దాచుకునే ముసలమ్మకి షుగరు ఎలా అదుపు చేయాలన్న దాని మీద ఉపన్యాసం ఉండదు. స్పాన్సరు దొరకలేదట.

స్పాన్సర్ల జోలికొస్తే మాత్రం సంఘం ఊరుకోదు. మందులు జెనరిక్ పేర్లతో రాయండి, కంపెనీల సొమ్ముతో జరిగే సదస్సులకు పోకండి అని 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనలు తెచ్చింది. ఐఎంఏ గగ్గోలు పెట్టింది. (జెనరిక్ మందుల నాణ్యత మీద వాళ్ల అనుమానం మరీ కొట్టిపారేసేది కాదు లెండి.) నెల తిరక్కుండానే ఆ నిబంధనలు అటకెక్కాయి. తలుచుకుంటే ఎంత పనైనా చేయగలరని రుజువైంది.

మరి మన డాక్టరు గారి లాంటివాళ్లకి పనికొచ్చే పీజీ చదువు, ఫ్యామిలీ మెడిసిన్‌ని ఎందుకు తలుచుకోరూ అంటే, తలుచుకున్నారు. జనరల్ ప్రాక్టీషనర్ల కోసం ఐఎంఏ 1963లోనే ప్రత్యేకంగా ఒక కాలేజీ పెట్టింది. పీజీ సీట్లలో నాలుగో వంతు పబ్లిక్ హెల్త్‌కీ ఫ్యామిలీ మెడిసిన్‌కీ దక్కేదాకా పెంచుకుంటూ పోవాలని 2002 జాతీయ ఆరోగ్య విధానమూ చెప్పింది. ఇవాళ్టికీ ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ సీటు భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిందే. ఆ నాలుగో వంతు ఏమైందని సంఘం ఒక్కరోజు ఓపీ బంద్ చేసిన జ్ఞాపకం నాకైతే లేదు.

అలాగని ఐఎంఏకి మంచి సరుకును మెచ్చుకోవడం తెలియదనుకునేరు. 2008లో పెప్సీ కంపెనీ వారి ఓట్స్‌కీ, పళ్లరసానికీ తన ముద్ర వేసి, మెడికల్ కౌన్సిల్ చేత చీవాట్లు తిన్న సంఘమది. మన డాక్టరు గారు టెట్రా ప్యాక్‌లో దొరికితే ఆయనకీ ఒక ముద్ర పడకపోదు.