కాళ్ల కింద నేను

నేను నేలని. మట్టినేల కాదు, డాన్సు కోసం చెక్క పరిచి నున్నగా తీర్చిన నేలని. న్యూయార్క్‌లోని హార్లెంలో, లెనాక్స్ అవెన్యూ మీద 1926 మార్చిలో సవాయ్ బాల్‌రూమ్ తెరిచారు. 140వ వీధి నుంచి 141వ వీధి దాకా నాదే రాజ్యం. వేదికలు రెండు, ఒక బ్యాండు ఆగేసరికి రెండోది అందుకునేది. నాకిక తీరికెక్కడిది? మూడేళ్లకోసారి అరిగిన చెక్కలు ఊడదీసి కొత్తవి వేసేవారంటే కాళ్ల తాకిడి ఎంతో మీరే ఊహించుకోండి.

అదే హార్లెంలో కాటన్ క్లబ్ ఉండేది. అక్కడ ఆడేది నల్లవాళ్లు, కూర్చుని చూసేది తెల్లవాళ్లు. నా దగ్గర ఆ బేరం లేదు. టికెట్టు కొన్నవాడు ఎవడైనా దిగి ఆడొచ్చు. పాదాలకి రంగు లేదని చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించుకోవచ్చుగానీ, నేనలా అనను. తెల్లదొరసాని నా మీద ఆడి ఇంటికెళ్తే ఊళ్లో ఏ హోటలైనా తలుపు తీసేది. ఆమెకి అడుగులు నేర్పిన నల్లకుర్రాడికి తీసేది కాదు.

నా మీద పెరిగిన ఆట లిండీ హాప్. అబ్బాయి చేయి అమ్మాయి వీపు మీద, రెండో చేతిలో చేయి: ఆ పట్టు యూరప్‌ది, వాల్ట్జ్ ఆడేవాళ్లది. మోకాళ్లు వంచి, బరువు నా మీదికి దించి, తాళం మీద అప్పటికప్పుడు అడుగు కల్పించుకోవడం మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల బిడ్డలది. జంట దగ్గరగా తిరుగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి అతను చేయి చాస్తాడు, ఆమె జారుకున్నట్టు దూరం వెళ్తుంది, రెండు చేతుల పట్టు ఒక్క చేతికి దిగుతుంది. ఆ కాసేపూ ఎవరి అడుగు వాళ్లది. ఆమె మడమ గిర్రున తిరిగిన చోట నా పాలిష్ మీద సన్నటి చంద్రవంక పడేది. 1935లో ఫ్రాంకీ మ్యానింగ్ తన జోడీ ఫ్రీడా వాషింగ్టన్‌ని వీపు మీదుగా గాల్లోకి తిప్పి దించాడు. అంతవరకూ నన్ను వదలని ఆట అది!

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు పాతవేలెండి. తోటల్లో బానిసలు దొరల నడకని వెక్కిరిస్తూ కేక్‌వాక్ ఆడితే, తర్వాత దొరలే దాన్ని ముచ్చటపడి నేర్చుకున్నారు.

1943 ఏప్రిల్‌లో అధికారులు నాకు తాళం వేశారు. వ్యభిచారం జరుగుతోందన్నది కాగితం మీద కారణం. నల్లా తెల్లా కలిసి ఆడటమే కంటగింపైందని హార్లెం అంతా అనుకుంది. తాళం ఇంకా ఉండగానే, ఆగస్టులో లైఫ్ పత్రిక లిండీ హాప్‌ని దేశమంతటి జానపద నృత్యంగా ఎత్తి అట్ట మీదికెక్కించింది. అట్ట మీద తెల్లజంట. సవాయ్‌లో ఆరితేరిన లియోన్ జేమ్స్, విల్లా మే రికర్ లోపలి పేజీల్లో. అక్టోబరులో నన్ను మళ్లీ తెరిచారు. ఆ ఆరు నెలల మూతకి ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

1958లో మూసేశారు, నేనున్న చోట ఇళ్లు లేచాయి. ఫ్రాంకీ అప్పటికే పోస్టాఫీసు ఉద్యోగంలో కుదిరాడు. 1980లలో స్వీడన్ కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చి ఆయన చేత మళ్లీ అడుగులు వేయించారు. ఇప్పుడు హెరెంగ్ అనే స్వీడన్ పల్లెలో ఏటా వేసవిలో లిండీ శిబిరం నడుస్తుంది. అమెరికావాళ్లు కూడా డబ్బు కట్టి అక్కడికెళ్లి నేర్చుకుంటున్నారు.