చేతక్‌కు కంటి వెలుగు

2018 ఆగస్టు 15న తెలంగాణ సర్కారు కంటి వెలుగు మొదలుపెట్టి, ఊరూరా కళ్లు పరీక్షించి అద్దాలు పంచింది. వనపర్తిలో మా చిన్నాయనకూ ఒక జత దొరికింది. ఆయన స్కూటరుకు మాత్రం దొరకలేదు. అసలు చూపు ఆననిది దానికే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వీధుల్లో పక్కకు వొంచి కిక్కు కొడితే తప్ప లేవని పాత బజాజ్ చేతక్ స్కూటర్లు ఇంకా అక్కడక్కడా బతికున్నాయి. 1972లో పుట్టిన ఆ బండి కోసం జనం బుకింగ్ కాగితాన్ని బీరువాలో దాచుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అంత ఎదురుచూస్తే మొదటి తరం బండికి దక్కింది ఆరు వోల్టుల దీపం. బ్యాటరీ ఊసే లేదు. ఇంజన్ తిరిగితే మ్యాగ్నెట్ తిరుగుతుంది, కాయిల్లో కరెంటు పుడుతుంది. మన జూరాల జలవిద్యుత్ కేంద్రంలోనూ ఇదే సూత్రం. అక్కడ 39 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి, ఇక్కడ వచ్చేది ముప్పై వాట్లకు అటూ ఇటూ.

ఈ దీపం బండి జోరుమీదుంటే వెలుగుతుంది, నెమ్మదిస్తే గుడ్డిదవుతుంది. గుంత ఎదురై జోరు తగ్గించామా, సరిగ్గా అప్పుడే కళ్లు మూసుకుంటుంది. మన రోడ్లు వేసినవాళ్లకూ గుంతలు కనిపించవు కాబట్టి దీన్ని తప్పుపట్టలేం. తెలివైనవాళ్లు క్లచ్ నొక్కిపెట్టి, ఎక్సలేటర్ తిప్పి, ఆ వెలుగులో గుంత లోతు చూసుకుని అప్పుడు దిగేవారు.

ఎల్‌ఈడీ పెడితే పగలే అని ఎవరో చెప్పగా చిన్నాయన ఒక బల్బు కొనుక్కొచ్చాడు.

"చిన్నాయనా, ఇది పన్నెండు వోల్టుల డీసీ బల్బు. నీ బండిది ఆరు వోల్టుల ఏసీ."

"అయితే రెండు బండ్లు జోడించి తోలాల్నారా?"

ఆ అవసరం లేదు గానీ, బల్బు ఒక్కటి మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఎల్‌ఈడీ కరెంటును ఒకవైపు నుంచే రానిస్తుంది. అటూ ఇటూ ఊగే ఏసీ ఇస్తే సగంసేపు వెలిగి సగంసేపు ఆరుతుంది. దాన్ని డీసీగా మార్చాలంటే నాలుగు డయోడ్ల బ్రిడ్జి రెక్టిఫయర్ కావాలి. కరెంటు ఎటు పోయినా అందులో రెండు డయోడ్లు దాటాల్సిందే, ఒక్కోటీ 0.7 వోల్టు ఉంచుకునే వదులుతుంది. ఉన్న ఆరులో 1.4 అక్కడికే సరి. పని కావాలంటే ఇద్దరి చేతులు తడపాలన్న మాట విని చిన్నాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. రిటైరయ్యాక పెన్షన్ ఫైలు వెంట తిరిగిన మనిషి.

తర్వాత ఎర్త్ పేచీ. కాయిల్ ఒక కొసను కంపెనీవాళ్లే బాడీకి కలిపేశారు. దాన్ని విడదీసి రెండు కొసలూ బ్రిడ్జికి తేకుండా నెగటివ్‌ను కూడా బాడీకే బిగిస్తే ఒక డయోడ్ షార్టులో పడి మాడొచ్చు. ఇంతా చేశాక పొదుపు వల్ల ఇంకో చిక్కు. పాత బల్బులు కరెంటు దండిగా తిని వోల్టేజీని అణచిపెట్టేవి. ఎల్‌ఈడీ తినేది తక్కువ. కాబట్టి ఎక్సలేటర్ తిప్పేకొద్దీ వోల్టేజీ ఆరు దాటి ఎటో పోతుంది. పాత బండ్లలో హెడ్‌లైట్ బల్బు పోగానే వెనక లైటు కూడా మాడేది ఇందుకే. అందుకని ఒక రెగ్యులేటరూ, రెపరెపలు ఆపడానికి ఒక కెపాసిటరూ పెట్టాలి.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు చేసినప్పుడు ఉమ్మడి పాలమూరులోనూ పెద్ద బల్బు ఒక్కటి తీసి కొత్తవి బిగించారు. మూడుచోట్ల కొత్త కలెక్టరేట్లు వెలిగాయి. కాయిల్ పాతదేనని గొణిగేవాళ్లూ ఉన్నారు. నేను స్కూటరు సంగతే చెబుతున్నాను, ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

2020లో బజాజ్ అదే చేతక్ పేరుతో బ్యాటరీ బండి తెచ్చింది, ఎల్‌ఈడీ దీపంతో సహా. చిన్నాయన షోరూముకు పోయి చూసొచ్చి తీర్పు చెప్పేశాడు: "కిక్కు రాడ్డు లేదు, వొంచే పన్లేదు. అది స్కూటరెట్లయితది?"

పాత బండే ముద్దనుకునేవాళ్లకు ఒక మనవి. ఆ రిఫ్లెక్టరు ఫిలమెంటు కోసం చేసింది. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. రాత్రి గోడకు కొట్టి చూసుకుని, హెడ్‌లైటు కిందికి దించి బిగించుకోండి. ఎదురొచ్చేవాడికి మీ స్కూటరు కాదు, రోడ్డు కనబడాలి.